ఎనభై ఎడమ ముక్కలు

ఆ వేసవి మొదలయ్యేనాటికి మా ఇంట్లో నా అంత పరిణతి ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, దానికి కప్పు ఇచ్చారు. జానెడు ఎత్తు, పసుపురంగు లోహం, రెండు చెవులు, అందులో ఒక చెవి కాస్త వదులు. డిగ్రీ రెండో ఏడు చివర్లో మా కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టారు. హైస్కూలు విద్యార్థుల కన్నా కాలేజీ విద్యార్థులకు పరిణతి ఎక్కువా, కాదా అన్నది అంశం. ముమ్మాటికీ ఎక్కువేనని నేను ఏడు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాను.

ఉదాహరణ కావాలి కదా, మా చెల్లెలు చేతికి అందింది. "మా ఇంట్లో ఒక తొమ్మిదో తరగతి మనిషి ఉంది. వాన పడుతుంటే గొడుగు మూసి చంకలో పెట్టుకుని నడుస్తుంది. కొత్త గొడుగు తడిసిపోతుందట!" అన్నాను. హాలంతా గొల్లుమంది. నిర్ణేతల్లో ఒకాయన కళ్ళజోడు తీసి మరీ తుడుచుకున్నాడు. అప్పుడే అనుకున్నాను, కప్పు నాదేనని.

ఆ చెల్లెలిని మేము తోక అంటాం. నడక నేర్చిన రోజు నుంచి నా వెనకే తిరగడం వల్ల వచ్చిన పేరు. కప్పు ఇంటికొచ్చిన రోజు ఉదాహరణ సంగతి కూడా నేనే నోరు జారి చెప్పాను. తోక అలగలేదు, ఏడవలేదు. ఆ సాయంత్రం నుంచి నన్ను "పరిణతి గారూ" అని పిలవడం మొదలుపెట్టింది. పరిణతి గారూ, తువ్వాలు మంచం మీద పడేశారు. పరిణతి గారూ, ఆఖరి బిస్కట్టు తమరే తిన్నారా? వారం తిరిగేసరికి అమ్మ కూడా అందుకుంది. నేను మాత్రం ఆ పేరును నిజమైన బిరుదులాగే తీసుకున్నాను. వద్దనడానికి నాకేమంత కారణం కనపడలేదు.

మా ముందుగదే అమ్మ కుట్టు దుకాణం. వీధివైపు కిటికీ కింద రెండు మిషన్లు, గోడవారగా పొడుగాటి కోత బల్ల, బల్ల మీద గోడకి ఒక అర. నా కప్పు ఆ అర మీదికెక్కింది. అదే గోడకి మేకు కొట్టి అమ్మ తన కత్తెర తగిలించేది. నల్ల పిడి, చేతికి బరువు, అమ్మ బొటనవేలు ఆనేచోట అరిగి తెల్లబడిపోయింది. ఆ కత్తెరతో కాగితం కోసినవాళ్ళు ఆ పూట అన్నం మీద ఆశ వదులుకోవాల్సిందే. మిషను ఎవరైనా తొక్కవచ్చు, గుండీలు ఎవరైనా కుట్టవచ్చు. బట్ట కోసేది మాత్రం అమ్మ ఒక్కతే.

తోకకి ఆ కత్తెర మీద ప్రాణం. పన్నెండో ఏట నుంచి మిషను మీద కూర్చుంటోంది. దాని కుట్టు గీత గీసినట్టు పోయేది. నాది ఎటు పోవాలో తెలియని మనిషి నడకలా ఉండేది. అయినా దానికి కుట్టు చాలలేదు, కోత కావాలి. కిందటేడంతా అమ్మ వెంట పడి పడి, ఈ సెలవుల చివర్లో, పెళ్ళిళ్ళ కుట్టు తగ్గాక నేర్పుతానని మాట తీసుకుంది. క్యాలెండరులో ఆ మొదటి రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా కూడా చుట్టింది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మకి మోకాలి ఆపరేషన్ అన్నారు. పెద్దమ్మ ఉండేది వేరే ఊళ్లో, అమ్మ తప్ప వెళ్ళేవాళ్ళు లేరు. నాన్న రైల్లో గార్డు, ఆయన ఇంట్లో ఉండే రోజులకన్నా పట్టాల మీద ఉండే రోజులే ఎక్కువ. అదే వారం తోక వాళ్ళ బడి నుంచి నీలం బట్ట తాన్లు వచ్చి పడ్డాయి. కొత్తగా ఆరో తరగతిలో చేరే నలభైమందికి చేతుల్లేని కోట్లు కుట్టాలి. ఎన్నో ఏళ్ళుగా బజారులోని పెద్ద దుకాణానికి పోతున్న పని అది. హెడ్‌మిస్ట్రెస్ గారు మొదటిసారి మా అమ్మని నమ్మి ఇచ్చింది. బాగా కుదిరితే ఇకమీదట బడి బట్టలన్నీ మాకే. అమ్మ ఆ తాన్లను నిమురుతూ, సూట్‌కేసు వైపు చూస్తూ రెండు రోజులు గడిపింది.

చివరికి ప్రయాణం రోజు పొద్దున మా ఇద్దరినీ బల్ల దగ్గర నిలబెట్టింది. గుండీల తాతయ్య కూడా ఉన్నాడు. పక్కింటాయన, ఉద్యోగం మానేశాక ఊరికే కూర్చోలేక పదింటికల్లా మా ముందుగదికి వచ్చి గుండీలు, కాజాలు కుడుతుంటాడు.

"బాబాయ్ గారూ, గుండీలు మీవి. కుట్టు తోకది. కోత..." అని అమ్మ ఆగింది.

తోక మునివేళ్ళ మీద లేచింది.

"కోత పెద్దదానిది" అంది అమ్మ.

"అమ్మా! నాకు నేర్పుతానన్నావు కదా!"

"నేర్పుతానే. వచ్చాక నేర్పుతాను. ఇప్పుడు నేర్పడానికి టైమేదీ? అది కాలేజీ చదువుతోంది, నాలుగు విధాలా ఆలోచించి చేస్తుంది. నమూనా కాగితాలు కోసి పెట్టాను. వాటి చుట్టూ సుద్దతో గీసుకుని కోయడమే. ఈ ఆర్డరు మంచిగా పోనీ, నేను రాగానే కత్తెర నీ చేతికే ఇస్తా."

"ఒట్టు?"

"ఒట్టు. అందాకా ముట్టుకోకు."

మేకు మీద నుంచి కత్తెర తీసి అమ్మ నా చేతికిచ్చింది. ఆ క్షణంలో నా కళ్ళు నెత్తికెక్కి ఉంటాయి. తోక మాత్రం నన్ను చూడలేదు, కత్తెరనే చూసింది.

మర్నాడు పొద్దున్నే కోత మొదలుపెట్టాను. కోటుకి వెనక ముక్క ఒకటి, ముందు ముక్కలు రెండు, కుడిదీ ఎడమదీ. అంటే ముందువి ఎనభై. ఆ నీలం బట్టకి ఒకవైపు నిగనిగ, రెండోవైపు వెలిసిపోయిన రంగు. నేను పెద్ద తెలివి ఉపయోగించి, బట్టని ఎనిమిదేసి పొరలు ఒకదాని మీద ఒకటి, అన్నీ నిగనిగలాడే వైపు పైకి వచ్చేలా పరిచాను. నమూనా పెట్టి గీశాను. పది కట్టలు కోస్తే ఎనభై ముక్కలు. లెక్క చుక్కలా కుదిరింది.

తోక మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ చూసింది.

"అక్కా, అమ్మ ఇలా పరవదు. రెండేసి పొరలు ఎదురెదురుగా, మొహానికి మొహం ఆనించి పరుస్తుంది."

"అది పాత పద్ధతి. ఇది చూడు, పొర మీద పొర ఎంత శుభ్రంగా కూర్చుందో."

"ఎందుకో అలాగే పరుస్తుంది మరి."

"ఎందుకో తెలియకుండా చేసేదాన్ని అలవాటంటారు. తెలుసుకుని చేసేదాన్ని పద్ధతంటారు" అన్నాను. ఇది నా ఏడు నిమిషాల ప్రసంగంలోని వాక్యమే. తాతయ్య మెచ్చుకోలుగా తలాడించాడు. నాకు ఊపు వచ్చింది. మధ్యాహ్నానికి వెనక ముక్కలు నలభై, ముందు ముక్కలు ఎనభై కోసి, దొంతర్లు కట్టి, అంచులు సవరించి, చేతులు దులుపుకున్నాను. వేళ్ళు బొబ్బలెక్కినా గర్వంగానే ఉంది.

సాయంత్రం తోక కుట్టడానికి కూర్చుంది. మొదటి దొంతర్లోంచి ఒక ముక్క తీసింది. వెనక ముక్కకి ఆనించింది. రెండో ముక్క తీసింది. తిప్పింది. ఇంకోటి తీసింది. మెల్లగా లేచి దొంతర్లన్నీ కెలకడం మొదలుపెట్టింది.

"అక్కా, కుడివైపువి ఎక్కడ పెట్టావు?"

"అందులోనే ఉంటాయి, చూడు."

"చూశా. అన్నీ ఎడమవే."

"ఎనభై ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి. ఎనభై ఎడమలు."

నేను నవ్వబోయాను. తర్వాత ఒక ముక్క చేతిలోకి తీసుకుని నా ఛాతీకి కుడివైపు పెట్టి చూసుకున్నాను. మెడ వంపు చంక కిందికి వచ్చింది. తిరగేస్తే మెడ వంపు మెడ దగ్గరికే వచ్చింది కానీ, వెలిసిన రంగు బయటికి తేలింది. అమ్మ రెండు పొరల్ని మొహానికి మొహం ఎందుకు ఆనిస్తుందో అప్పుడు తెలిసింది. ఒక్క కోతకి ఒక కుడి, ఒక ఎడమ దిగుతాయి. నేను ఒకే ముక్కని ఎనభైసార్లు కోశాను. 

తాతయ్య సూది ఆపి మెల్లగా అన్నాడు. "నలభైమందికీ రెండు ఎడమ పక్కలుంటే సరిపోయేది."

తోక ఫక్కున నవ్వింది. తాతయ్యా నవ్వాడు. వాళ్ళు నవ్వేకొద్దీ నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే బిరుదు పోతుంది కనుక ఉగ్గబట్టుకున్నాను.

"తాన్లో ఇంకా బట్టుందా?" అంది తోక, నవ్వు ఆపుకుంటూ.

తాను విప్పాం. రెండు మూరలు మిగిలింది.

"అమ్మకి ఫోన్ చేద్దాం" అంది.

"వద్దు! పెద్దమ్మకి ఇవాళే ఆపరేషన్. అమ్మ ఎంత కంగారులో ఉంటుందో. ఇలాంటప్పుడు ఇంట్లో సమస్యలు ఇంట్లోనే సర్దుకోవాలి. దాన్నే..."

"పరిణతి అంటారు" అని తోక పూర్తి చేసింది. "అక్కా, నిజం చెప్పు. అమ్మ కంగారు పడుతుందనా, నీకు భయమేస్తోందా?"

 నాకు భయమే వేసింది. ఇప్పుడైతే ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను కానీ, ఆ పూట చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు.

పైగా నాకొక ఉపాయం తోచింది. సగం ముక్కల్ని తిరగేసి కుడివైపుకి వాడేద్దామన్నాను. మసక గదిలో ఆ రంగు తేడా అంతగా కనపడలేదు మరి. తోక ఒక కోటు కుట్టింది, ఇరుకైనా తొడుక్కుంది. గదిలో బాగానే ఉంది. "చూశావా!" అన్నాను. అది తలుపు తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళి సాయంత్రపు ఎండలో నిలబడింది. కుడివైపు పదేళ్ళు ఉతికిన కోటు, ఎడమవైపు నిన్న కొన్న కోటు. సైకిలు మీద పోతున్న పోస్ట్‌మాన్ దిగి, "ఏమ్మా, సగమే ఉతికారా?" అని అడిగి పోయాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి తోక తల దువ్వుకుని, చెప్పులేసుకుని ఉంది. చేతిలో సంచి.

"ఎక్కడికే?"

"బడికి. హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పేస్తా. పదిహేను రోజులు టైముంది. ఇప్పుడు చెప్తే ఏదో ఒకటి చేయొచ్చు. ఆఖర్న చెప్తే ఏమీ చేయలేం."

అంతే, వెళ్ళిపోయింది. నేను జుట్టు ముడేసుకుంటూ దాని వెనక పరిగెత్తాను. తోక ముందు, నేను వెనక. ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళాక తట్టింది.

సెలవులు కాబట్టి బడి వరండాలో బెంచీలన్నీ బోర్లించి వార్నిష్ పూస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు తన గదిలో టైంటేబులు ముందేసుకుని, ఎర్ర పెన్సిలూ నీలం పెన్సిలూ చెరో చేత్తో పట్టుకుని ఉంది. తోక సంచిలోంచి కోటు తీసి బల్ల మీద పరిచి, జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. 'బట్ట పరచడంలో తప్పు జరిగింది మేడం' అంది. ఎవరు పరిచారో చెప్పలేదు.

ఆవిడ కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మొహం ఎర్రబడింది. "ఆ రంగు బట్ట మళ్ళీ నేయడానికి నెల పడుతుందన్నారు! మీ అమ్మని చూసి ఇచ్చాను కానీ..." అని, తోక వైపు తిరిగింది. "అసలు చిన్నపిల్ల చేతికి కత్తెర ఎవరిచ్చారు?" అని నన్ను చూసి, "పెద్దదానివి నువ్వుండి ఏం చేస్తున్నావమ్మా? కాస్త చూసుకోవద్దూ?" అంది.

కోసింది నేను అని చెప్పాలి. రెండే మాటలు. ఏడు నిమిషాలు మాట్లాడి కప్పు తెచ్చుకున్న నోటికి ఆ రెండు మాటలూ రాలేదు. తోక ఒక్కసారి నా వైపు చూసింది. నేను బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ వైపు చూశాను. అందులో ఎర్ర పువ్వొకటి ఉంది. దాని రేకులు ఆరని ఇప్పటికీ గుర్తు.

"ఎవరు కోస్తేనేం మేడం, ఇప్పుడేం చేయాలో చూద్దాం" అంది తోక. "మన బడి స్టోరులో గళ్ళ బట్ట ఉంది కదా, కిందటేడు కర్టెన్లకి తెప్పించి మానేశారు. నీలం, తెలుపు గళ్ళు. ఎడమవైపు నీలం, కుడివైపు గళ్ళు వేస్తే?"

"సగం సగమా? సర్కస్సా?"

"ఒకటి కుట్టి చూపిస్తాం. బాగాలేకపోతే మీరు తిట్టండి."

ఆవిడ పెన్సిలు బల్ల మీద నాలుగుసార్లు కొట్టింది. "రేపు పొద్దుటికి చూపించు. ఈసారి మీ అక్కనే కోయమను" అంది.

ఇంటికి వచ్చే దారిలో తోక మామూలుగానే ఉంది. నేనే నాలుగడుగులు వెనకబడ్డాను.

"నువ్వెందుకు చెప్పలేదే? నేను కోశానని?"

"నువ్వు చెప్తావేమోనని చూశా" అంది. "చెప్పలేదు. సరేలే, నాకు కుడి ముక్కల గొడవ ఒకటుందిగా."

దెప్పలేదు. దెప్పి ఉంటే పోట్లాడి తేలికపడేదాన్ని.

ఆ మధ్యాహ్నం, బడి స్టోరు నుంచి తెచ్చిన గళ్ళ బట్ట బల్ల మీద పరిచాను. కత్తెర తోక ముందుకి జరిపి, "నువ్వు కోయవే" అన్నాను.

"అమ్మ ముట్టుకోవద్దంది. ఇచ్చాకే ముట్టుకుంటా. నువ్వే కొయ్యి, నేను పక్కన నిలబడతా." బట్ట అంచు తిప్పి చూసి మళ్ళీ ఫక్కున నవ్వింది. "అక్కా! గళ్ళ బట్టకి రెండు వైపులూ ఒకటే. ఎలా పరిచినా, ఎలా కోసినా తప్పు రాదు. నీకోసమే నేసినట్టున్నారు!"

ఈసారి నాకూ నవ్వొచ్చింది. రెండు రోజులుగా రాని నవ్వు కదా, ఆగలేదు. ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే కుట్టించుకోవడానికి వచ్చినావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

కుట్టి తొడుక్కుంటే ఏదో వెలితిగా ఉంది. నిజంగానే సర్కస్సు కోటు. తోక అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. మిగిలిపోయిన ఎడమ ముక్కల్లో ఒకటి తీసి గళ్ళ మీద జేబులా ఆనించింది. గళ్ళ ముక్క ఒకటి నీలం మీద ఆనించింది. గళ్ళ పక్కన నీలం జేబు, నీలం పక్కన గళ్ళ జేబు. అంతే, అప్పటిదాకా తప్పులా ఉన్నది కావాలని చేసినట్టు అయిపోయింది. తాతయ్య దూరం నుంచి ఒక కన్ను మూసి చూసి, "తెల్ల గుండీలు పెడదాం" అన్నాడు.

మర్నాడు ఆ కోటు తొడుక్కుని తోక బడి మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తింది. వార్నిష్ పూసేవాళ్ళు కుంచెలు పట్టుకుని చూశారు. ప్రవేశాల కోసం వచ్చిన పిల్లలు నలుగురైదుగురు దాని వెనకపడి, "అక్కా, మాకూ ఇదేనా? నిజంగా ఇదేనా?" అని కేరింతలు. హెడ్‌మిస్ట్రెస్ గారు వరండాలో చేతులు కట్టుకుని నిలబడి, నవ్వకూడదని చాలాసేపు ప్రయత్నించి, ఓడిపోయింది.

ఆ తర్వాతి పన్నెండు రోజులు మా ముందుగదిలో గడిచినంత సంతోషంగా నా జీవితంలో ఏ తరగతి గదిలోనూ గడవలేదు. నేను కోయడం, తోక కుట్టడం, తాతయ్య గుండీలు. మిషను చప్పుడుకి తగ్గట్టు తాతయ్య కూనిరాగం. మధ్యమధ్య టీ. సాయంత్రం ఫోనులో అమ్మ, "కోట్లెలా ఉన్నాయే?" అంటే తోక "వచ్చి చూడమ్మా, నువ్వే చెప్తావు" అనేది. నాన్న డ్యూటీ దిగి ఒక పూట వచ్చి, తనకో గళ్ళ జేబు వేసి పెట్టమని అడిగాడు. కానీ నేను కత్తెర మేకుకి తగిలించినప్పుడల్లా ఆ రెండు మాటలూ నాలిక మీదికొచ్చి వెనక్కి పోయేవి. ఎలాగూ అంతా బాగానే అయింది కదా, ఇప్పుడెందుకని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఆ సర్దుకోవడానికి కూడా పరిణతి అనే పేరే పెట్టుకున్నాను.

బడి తెరిచే ముందురోజు అమ్మ వచ్చింది. సూట్‌కేసు దించకుండానే కోటు అందుకుని ఎండలోకి పట్టుకెళ్ళింది. తిప్పింది, కుట్టు లాగి చూసింది, జేబులో వేళ్ళు పెట్టింది.

"ఎవరి బుర్రే ఇది?"

తోక పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. క్యాలెండరు మీది ఎర్ర సున్నా వైపు చూసి, గోడ మీది కత్తెర వైపు చూసి, "అమ్మా, ఒట్టేశావు" అంది.

అమ్మ మేకు వైపు చెయ్యి చాస్తుండగా హెడ్‌మిస్ట్రెస్ గారి రిక్షా ఆగింది. కోట్లు తనే దగ్గరుండి తీసుకెళ్దామని వచ్చింది. మనిషి మంచి హుషారుగా ఉంది.

"మీ పిల్లలు గట్టివాళ్ళమ్మా! చిన్నది ఎనభై ముక్కలూ ఎడమవే కోసేసి కూర్చుందని ఆ రోజు తిట్టాను కానీ, దాని తప్పే మా బడికి అచ్చొచ్చింది. పెద్దమ్మాయి ఉంది కాబట్టి సరిపోయింది. అదే మరి, కాలేజీకి వెళ్తే వచ్చే నిదానం."

అమ్మ చెయ్యి మేకు దగ్గరే ఆగింది. నవ్వు సగంలో పోయింది.

"ఎనభై ముక్కలా? ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఇందుకే నీ చేతికివ్వడానికి భయపడ్డాను. ఇంకో రెండేళ్ళు పోనీ, అప్పుడు చూద్దాం."

తోక మిషను దగ్గరికి వెళ్ళింది. దాని మీద లేని దారప్పోగు ఏదో తీయడం మొదలుపెట్టింది. వానలో గొడుగు మూసుకుని నడిచే మనిషి. తను తడిసినా ఫరవాలేదు, కొత్తది తడవకూడదనుకునే మనిషి. ఆ రోజు హాలంతా నవ్వించిన మాట అప్పుడు నాకు వేరేగా వినిపించింది.

"కోసింది నేను" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. తాతయ్య సూది ఆగింది.

"నేనేనమ్మా. అది చెప్తూనే ఉంది, మొహానికి మొహం ఆనించాలని. నేనే వినలేదు. మేడం అడిగినప్పుడు కూడా నోరు మూసుకున్నాను. అది కత్తెర అసలు ముట్టుకోలేదు. నేను కోయమన్నా కోయలేదు. నువ్వు ఇచ్చాకే అంది."

ఊపిరి పీల్చుకున్నాను. ఏడు నిమిషాలు కాదు, పది క్షణాలు పట్టి ఉంటుంది. 

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు పైనుంచి నన్నూ, తోకనూ మార్చి మార్చి చూసింది. "అయితే ఆ తిట్లు నీకు బాకీ ఉన్నానన్నమాట" అంది నాతో. తోక దగ్గరికెళ్ళి బుగ్గ గిల్లి, "వచ్చే ఏడు బట్టలు కూడా మీరే. ఏది ఎటు పరవాలో ఈ పిల్లనడిగి పరవండి" అంది.

అమ్మ మాత్రం కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని హడలిపోయాను. కొంగు తీసింది. నవ్వు!

"ఎనభై ఎడమలు! ఒకటి తేడా లేకుండా! ఏమే, నలభై దాటాకైనా అనుమానం రాలేదుటే?"

"లెక్క చుక్కలా కుదిరిందమ్మా" అన్నాను.

అమ్మకి కళ్ళ వెంట నీళ్ళొచ్చేశాయి. ఆవిడా, తాతయ్యా, హెడ్‌మిస్ట్రెస్ గారూ ఒకరిని చూసి ఒకరు మొదలెట్టి ఆపలేకపోయారు. తోక మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తోంది. అది అంత సంతోషంగా నన్ను చూడటం అంతకుముందెప్పుడూ ఎరగను. కప్పు తెచ్చిన రోజు కూడా అలా చూడలేదు.

కోట్లన్నీ రిక్షా ఎక్కాక అమ్మ మేకు మీది కత్తెర తీసింది. నా ముందు నుంచే నడిచివెళ్ళి తోక చేతిలో పెట్టింది.  తోక దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అమ్మ బొటనవేలు అరగదీసిన చోట తన బొటనవేలు పెట్టి చూసుకుంది. కాస్త వదులైంది, అయినా సరిపోయింది.

మిగిలిన రెండు మూరల నీలం బట్ట బల్ల మీదికి తెచ్చింది. సుద్దముక్క కోసం వెతికితే కనపడలేదు. నేను అర మీది కప్పు దించి, దుమ్ము దులిపి, సుద్దముక్కలన్నీ ఏరి అందులో పోసి దాని కుడిచేతి పక్కన పెట్టాను. ఆ కప్పు ఆ రోజు నుంచి అక్కడే ఉంది. వదులు చెవి తర్వాత ఎప్పుడో ఊడిపోయింది.

తోక బట్టని రెండు పొరలుగా, మొహానికి మొహం ఆనించి పరిచింది. అరచేత్తో ముడతలు తీసింది. అమ్మ వెనక నిలబడి చూస్తోంది. బట్ట జారకుండా అవతలి అంచు ఎవరో ఒకరు పట్టుకోవాలి.

"అక్కా, అటువైపు పట్టుకోవా" అంది.

పరిణతి గారూ అనలేదు. నేను వెళ్ళి అంచు పట్టుకున్నాను.